సర్ ఆర్థర్ కాటన్: గోదావరి నేల, గోదావరి నీరు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- కాటన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
- నేల వాడకం మారితే నదిలో ఏ మార్పులు వస్తాయో వివరించగలుగుతారు.
- ఎగువ ప్రాంతానికి, దిగువ ప్రాంతానికి మధ్య ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.

1. పటం చూడండి

భారతదేశ పటం తీసుకోండి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ కొసన బీజాపూర్ జిల్లాను గుర్తించండి. ఇది కర్ణాటకలోని బీజాపూర్ కాదు. బస్తరు అడవుల్లోని బీజాపూర్. 2007లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయింది. ఒడిశాలోని కలాహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి నది బస్తరును దాటి, ఈ జిల్లా అంచున పారి, భద్రకాళి గ్రామం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇక్కడి భోపాలపట్నం ప్రాంతంలో గోండితో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది.

ఇప్పుడు గోదావరి వెంట వేలితో కిందికి రండి. భద్రాచలం, పాపికొండలు, రాజమహేంద్రవరం, ధవళేశ్వరం, చివరకు సముద్రం వస్తాయి.

ఒక నదికీ, దాని ఉపనదులకూ వాననీరు వచ్చి చేరే నేలనంతటినీ ఆ నది పరీవాహక ప్రాంతం అంటారు. గోదావరి పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. బీజాపూర్ అడవీ, కోనసీమ కొబ్బరితోటా ఈ ఒక్క ప్రాంతంలోనివే. ఈ విషయాన్ని మనస్సులో ఉంచుకొని కాటన్ జీవితాన్ని చదవండి.

2. బాల్యం, ఉద్యోగం

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదకొండు మంది కొడుకుల్లో ఆయన పదోవాడు. సైనిక పాఠశాలలో చదివి, 1819లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇంజనీరుగా చేరారు. 1821లో మద్రాసు వచ్చారు. మొదటి బర్మా యుద్ధంలో పని చేశారు. ఆ తరువాత ఆయన జీవితమంతా నదులతోనే గడిచింది.

మొదట ఆయనకు అప్పగించిన నది కావేరి. అక్కడ చోళుల కాలంలో కట్టిన కల్లణై ఉంది. పునాదికి రాయి అందని ఇసుక నేల మీద కూడా ఆనకట్ట ఎలా నిలుస్తుందో ఆయన ఆ పాత కట్టడాన్ని చూసి నేర్చుకున్నారు. 1836లో కొల్లిడం మీద ఆనకట్ట కట్టించారు. తంజావూరు పొలాలకు నీరు నిలకడగా అందింది. పరాయి దేశం నుంచి వచ్చిన ఇంజనీరుకు ఈ దేశపు పనివారే గురువులయ్యారన్న మాట గుర్తుంచుకోండి.

3. నది పక్కనే కరువు

1832-33లో తెలుగు జిల్లాల్లో పెద్ద కరువు వచ్చింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక దీనిని నందన కరువు అన్నారు. గుంటూరు ప్రాంతంలో అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. గోదావరి ప్రాంతం కూడా దెబ్బ తిన్నది. 1839లో కోరింగ తీరాన్ని తుపాను ముంచెత్తింది. బతుకుతెరువు లేక జనం వలస పోయారు. ఊళ్ళు పాడుపడ్డాయి. సాగు భూములు బీళ్ళయ్యాయి.

మీకు ఒక సందేహం రావచ్చు. పక్కనే ఇంత పెద్ద నది ఉండగా కరువు ఎందుకు వచ్చింది? వానాకాలంలో గోదావరి గట్లు దాటి పొలాలను ముంచేది. వానలు వెనక్కు తగ్గాక నీటిమట్టం పొలం కంటే కిందికి దిగేది. ఆ నీరు సముద్రం పాలయ్యేది. పొలానికి చుక్క ఎక్కేది కాదు.

4. ధవళేశ్వరం ఆనకట్ట

కాటన్ ఈ నేలను పరిశీలించి 1844లో నివేదిక ఇచ్చారు. డెల్టా నేలకు ఒక గుణం ఉంది. వరదలో వచ్చిన ఒండ్రు ముందుగా నది ఒడ్డునే పేరుకుంటుంది. అందువల్ల ఒడ్డు ఎత్తుగా ఉండి, దూరం పోయేకొద్దీ నేల పల్లం అవుతుంది. డెల్టా మొదట్లో నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పెంచితే చాలు, కాలువల్లో నీరు తనంతట తానే పారుతుంది.

1846 చివర అనుమతి వచ్చింది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. నది మధ్య లంకలను కలుపుతూ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచింది. గోడల పొడవు కలిపితే సుమారు మూడున్నర కిలోమీటర్లు. రాయిని దగ్గరలోని ధవళేశ్వరం కొండ నుంచే తెచ్చారు. వేలాది కూలీలు ఎండలో, జ్వరాల్లో పని చేశారు. పని నడిపించినవారిలో వీణెం వీరన్న పేరును గోదావరి ప్రజలు కాటన్ పేరుతో కలిపి చెప్పుకుంటారు.

మీ అవగాహనను పరీక్షించుకోండి
(అ) నది పక్కనే ఉన్నా పొలాలకు నీరు ఎందుకు అందలేదు?
(ఆ) డెల్టాలో నీరు తనంతట తానే పారడానికి కారణం ఏమిటి?

5. నేల మారింది

ఆనకట్టతో నది ఒక్కటే మారలేదు, నేల కూడా మారింది. బీళ్ళు, మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. జొన్న, పప్పుధాన్యాలు వేసే చోట వరి వచ్చింది. కాలువలకు లాకులు కట్టారు. వాటి మీద ధాన్యం పడవలు కాకినాడ రేవుకు, ఏలూరుకు తిరిగాయి. వలస పోయిన జిల్లాకే వలస వచ్చేవారు పెరిగారు. ఈ కాలువల కింద ఇప్పుడు సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

మేలుతో పాటు చిక్కులు కూడా వచ్చాయి. పొలానికి నీరు పెట్టడం ఎంత ముఖ్యమో, మిగిలిన నీరు బయటికి పోవడం అంత ముఖ్యం. మురుగు కాలువలు సరిగా లేని పల్లపు ఊళ్ళలో పైరు కుళ్ళింది, నేల చవుడు బారింది. డెల్టా మురుగులో కొంత కొల్లేరు చేరింది. నీరు తెచ్చేవాడు ఆ నీరు పోయే దారిని కూడా చూడాలని ఇది నేర్పుతుంది.

6. ఎగువన ఏం జరిగింది?

ఇప్పుడు తిరిగి బీజాపూర్ వైపు చూడండి. కాటన్ గోదావరిని కాలువలకు తల్లిగానే కాక, సరుకు రవాణాకు దారిగా కూడా చూశారు. నాగపూరు, బేరారు ప్రాంతాల పత్తిని పడవల్లో సముద్రానికి తేవచ్చని వాదించారు. 1860లో నిజాముతో ఒప్పందం జరిగి, గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఆంగ్లేయుల వశమయ్యాయి. నది మీద సుంకాలు ఎత్తివేశారు. దారికి మూడు చోట్ల బండరాళ్ళ అడ్డు ఉంది. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండవది ఇంద్రావతి కలిసే చోటికి సమీపంలో ఇచ్చంపల్లి దగ్గర, మూడవది ప్రాణహిత మీద. ఏళ్ళ తరబడి డబ్బు పోశారు. రైళ్ళు వచ్చాయి, నీరు ఏడాది పొడవునా చాలలేదు. 1871లో పని ఆపివేశారు.

అదే కాలంలో దక్షిణ బస్తరులో మరొక మార్పు జరుగుతూ ఉంది. హైదరాబాదు వ్యాపారులు అడవిని గుత్తకు తీసుకొని చెట్లు నరికించసాగారు. 1859లో ఫోతకేల్, భోపాలపట్నం, భెజ్జి ప్రాంతాల దోర్లా ప్రజలు, జమీందార్లు దీనిని ఎదిరించారు. దీనినే కోయి తిరుగుబాటు అంటారు. చివరకు ప్రభుత్వం గుత్త పద్ధతిని వెనక్కు తీసుకొంది. ఈ నరుకుడుకు కాటన్ కారకుడు కాదు. కాని డెల్టా ఇంజనీరుకు దారిగా, వ్యాపారికి కలపగా కనిపించిన చోటు అక్కడివారికి తిండి పెట్టే ఇల్లు. ఇప్ప పువ్వు, దుంపలు, వెదురు, పోడు పంట అన్నీ అక్కడివే.

అడవికీ నదికీ సంబంధం ఏమిటి? రాలిన ఆకులు, వేళ్ళు ఉన్న నేల వానను పీల్చుకొని మెల్లగా వదులుతుంది. అడవి పోయి నేల బోసిపోతే వాన ఒక్కసారిగా పారి మట్టిని కోసుకుపోతుంది. చిన్న వాగుల్లో వరద తొందరగా లేస్తుంది, ఎండాకాలంలో ఊట తగ్గుతుంది. అయితే అడవి ఎంత పెద్ద వరదనైనా ఆపుతుందని అనుకోకండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటింది. అటువంటి కుంభవృష్టిని ఏ అడవీ పూర్తిగా మింగలేదు.

7. చివరి రోజులు

కాటన్ 1860లో ఉద్యోగం విడిచారు. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. రైళ్ళ కంటే కాలువలు మేలని ఆయన జీవితాంతం వాదించారు. అన్ని తలపులూ ఫలించలేదు. ఆయన ప్రోత్సహించిన కర్నూలు-కడప కాలువ కంపెనీకి నష్టం తెచ్చింది. 1882లో ప్రభుత్వం దానిని కొనవలసి వచ్చింది. 1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో ఆయన మరణించారు. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. మే 15న గోదావరి రైతులు ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు.

8. ఆ తరువాత

నేల వాడకం మార్పు కాటన్‌తో ఆగలేదు. 1905లో బస్తరు అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేసి, పోడును ఆపాలని ఆంగ్లేయులు తలపెట్టారు. 1910లో ప్రజలు తిరగబడ్డారు. తరువాత రిజర్వు విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించారు. ఇటీవలి కాలంలో ఒడిశాలోని ఎగువ ఇంద్రావతి జలాశయం నుంచి కొంత నీటిని మహానది పరీవాహక ప్రాంతానికి మళ్ళించారు. జోరా నాలా ద్వారా ఇంద్రావతి నీరు కొంత శబరిలోకి పోతోంది. శబరి కూడా కూనవరం దగ్గర గోదావరిలోనే కలుస్తుంది. కనుక ఆ నీరు డెల్టాకు దక్కుతుంది. ఎండాకాలంలో నష్టపోయేది మధ్యలో ఉన్న బస్తరు ఊళ్ళే.

దిగువన కూడా చూడండి. ఎగువ జలాశయాల్లో ఒండ్రు నిలిచిపోవడం వల్ల సముద్రానికి చేరే మట్టి తగ్గింది. డెల్టా తీరం కొన్ని చోట్ల కోతకు గురవుతోంది. డెల్టాను పెంచిందే ఆ మట్టి.

కాటన్ గొప్ప మేలు చేశారు. లక్షల మంది అన్నం తినడానికి ఆయన కారణం. ఆయన చూసిన నది సగం మాత్రమే. మిగిలిన సగాన్ని చూడవలసిన పని మనది. ఎక్కడైనా నేల వాడకం మారబోతున్నదని విన్నప్పుడు రెండు ప్రశ్నలు వేయండి. ఎవరికి మేలు? నదికి ఆ చివర ఉన్నవారికి ఏమవుతుంది?

ముఖ్యాంశాలు
- 1847-52 మధ్య కాటన్ కట్టించిన ఆనకట్ట డెల్టా మెట్టను మాగాణిగా మార్చింది.
- మురుగు పోయే దారి లేని సాగు నేలను చెడగొడుతుంది.
- ఎగువ అడవి, జలాశయాలు దిగువ నీటినీ, మట్టినీ ప్రభావితం చేస్తాయి.

పదాలు - అర్థాలు
మాగాణి: నీటి వసతి ఉన్న పొలం
మెట్ట: వాన మీద ఆధారపడే పొలం
ఒండ్రు: వరద తెచ్చి వేసే మెత్తని మట్టి
గుత్త: ఇంత సొమ్మని ఒప్పుకొని తీసుకొన్న హక్కు

అభ్యాసం
1. కల్లణై నుంచి కాటన్ ఏమి నేర్చుకున్నారు?
2. 1859లో దక్షిణ బస్తరు ప్రజలు ఎందుకు తిరగబడ్డారు?
3. మీ ఊరి చెరువుకు గాని, కాలువకు గాని నీరు ఎక్కడి నుంచి వస్తుందో పెద్దలను అడగండి. ఆ దారిలో గత ఇరవై ఏళ్ళలో నేల ఎలా మారిందో పది వాక్యాల్లో రాయండి.