జంషెడ్‌పూర్ ఉక్కు నుంచి ఆర్థిక మంత్రిత్వం దాకా: డాక్టర్ జాన్ మథాయి

మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఐరోపా నుంచి చౌకగా దిగుమతైన ఉక్కు జంషెడ్‌పూర్ కర్మాగారాన్ని సంక్షోభంలోకి నెట్టింది. 1924లో ప్రభుత్వం చట్టం చేసి, సుంకాల ద్వారా ఆ పరిశ్రమకు రక్షణ కల్పించింది. అటువంటి రక్షణ ఏ పరిశ్రమకు, ఎంతకాలం అవసరమో పరిశీలించే టారిఫ్ బోర్డులో మరుసటి ఏడాది సభ్యుడిగా చేరిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడే డాక్టర్ జాన్ మథాయి.

1886లో కోళిక్కోడ్‌లో జన్మించిన మథాయి మద్రాసు, లండన్, ఆక్స్‌ఫర్డ్‌లలో విద్యాభ్యాసం చేశారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంకా ఏర్పడని ఆ రోజుల్లో కోస్తా, రాయలసీమ కళాశాలలు కూడా మద్రాసు పరిధిలోనే ఉండేవి. తరగతిలో పాఠాలుగా చెప్పిన సుంకం, ధర, వినియోగదారుడి భారం బోర్డులో ఆయన ఎదుట నిర్ణయాలై నిలిచాయి. అనంతరం బోర్డు అధ్యక్ష పదవినీ నిర్వహించారు.

1940లో టాటా సంస్థలో చేరిన ఆయన, 1944 నాటి బొంబాయి ప్రణాళికను రూపొందించిన 8 మందిలో ఒకరు. 15 ఏళ్లలో తలసరి ఆదాయాన్ని రెట్టింపు చేయడం, అందుకు రూ.10,000 కోట్లు వెచ్చించడం దాని లక్ష్యం.

స్వాతంత్ర్యానంతరం ఆర్థిక మంత్రి అయిన మథాయి 1950లో పదవికి రాజీనామా చేశారు. కొత్తగా ఏర్పడిన ప్రణాళికా సంఘం మంత్రివర్గానికి సమాంతర అధికార కేంద్రమవుతుందన్నది ఆయన ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. ప్రణాళికా రచనలో పాలుపంచుకున్న వ్యక్తే ఆ సంఘాన్ని వ్యతిరేకించడం వైరుధ్యంగా తోచవచ్చు. ఆయన ప్రశ్న ప్రణాళిక అవసరం గురించి కాదు. ప్రజాధనానికి జవాబుదారీ ఎవరన్న దాని గురించి.

1955లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా తొలి ఛైర్మన్ అయిన మథాయి 1959లో కన్నుమూశారు. ప్రణాళికా సంఘం స్థానంలో 2015లో నీతి ఆయోగ్ వచ్చింది. ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఆర్థిక విధానాన్ని అధ్యయనం చేసే విద్యార్థుల ముందు నేటికీ నిలిచే ఉంది.