మార్లవాయిలో హైమన్‌డార్ఫ్

1940లో ఆసిఫాబాదు అడవులలోని జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో కొమురం భీము, ఆయన అనుచరులు కొందరు నేలకొరిగారు. సర్కారు దృష్టిలో అది అణచివేయబడిన తిరుగుబాటు. కాని గోండులు ఎందుకు తిరుగబడినారన్న ప్రశ్న తుపాకులతో ముగియలేదు. దానికి సమాధానం వెదకుటకు నిజాం ప్రభుత్వం నియోగించిన వ్యక్తి ఒక విదేశీయుడు కావడం విచిత్రమే.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరంలో జన్మించారు. మానవశాస్త్రం అభ్యసించి, 1936-37లో నాగా కొండలలో పరిశోధన సాగించారు. 1938లో బెట్టీ బర్నార్డోను వివాహమాడి, మరుసటి ఏట మరల భారతదేశానికి రాగా యుద్ధం వచ్చిపడింది. ఆయన చేతిలోనిది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిషువారు ఆయనను శత్రుదేశస్థునిగా పరిగణించి, హైదరాబాదు సంస్థానం దాటిపోరాదని కట్టడి చేశారు. ఆ కట్టడియే ఆయనకు జీవితకాల కార్యక్షేత్రాన్ని చూపింది. నల్లమల చెంచుల నడుమ కొంతకాలం గడిపి, 1941లో ఆదిలాబాదు జిల్లాలో అడుగుపెట్టారు.

తాలూకా కచేరీలో కూర్చుండి, నలుగురు పటేళ్ళను రప్పించి, వారి మాటలు వ్రాసుకొని మరలిపోవుట సులభమైన మార్గం. హైమన్‌డార్ఫ్ దంపతులు ఆ మార్గం త్రొక్కలేదు. మార్లవాయి అనే గోండు గూడెంలో ఇల్లు కట్టుకొని, గోండీ నేర్చుకొని, ఆ ఊరివారితో కలసి జీవించారు. ప్రధానులు కిక్రీ మీటుతూ పాడే పురాణ గాథలను ఆయన వ్రాసుకొన్నారు. దండారి నృత్యాలను, పండుగలను ఛాయాచిత్రాలలోను, చలనచిత్రాలలోను బంధించారు. ఒక జాతి దేనిని పోగొట్టుకొన్నదో తెలియాలంటే, దానికి ఏది ప్రియమైనదో మొదట తెలియవలెను గదా!

క్రమంగా అసలు సంగతి బయటపడింది. తేలిక నేలలను కొన్నేళ్ళు దున్ని, కొన్నేళ్ళు బీడుగా వదలుట గోండుల సేద్యపు ఆచారం. ఆ బీళ్ళు రిజర్వు అడవి హద్దులలోనికి పోయినవి, లేదా బయటినుండి వచ్చినవారి పేర పట్టా అయినవి. తాతలనాటి నుండి దున్నుతున్నవానికి కాగితం అవసరమని తోచలేదు. తోచినా కచేరీ భాష ఉర్దూ, అతని ఇంటి భాష గోండీ. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన కళాశాల విద్యార్థులు ఈ సంగతిని ఒకింత ఆగి ఆలోచింపదగును. చక్కని భాషయే చదువరాని వానికి గోడ కాగలదు.

ఈ విషయాలను ఆయన తనకు నీడనిచ్చిన ప్రభుత్వానికే నివేదించారు. ఆ నివేదికలు 1945లో గ్రంథంగా వెలువడినవి. దక్కను ఆదివాసుల తిరుగుబాట్లపై అదే ఏట వ్రాసిన వ్యాసంలో భీము కథకు చోటిచ్చారు. అయితే ఆయనకు సర్కారు అండ ఉండెను. మన ప్రాంతపు విలేకరి ఎవడైనా ఆ ప్రశ్నలే అడిగి ఉంటే క్షేమంగా ఇల్లు చేరేవాడా అన్నది నాకు సందేహమే.

ఫలితం కొంత కలిగింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలసింది. నాగరి లిపిలో గోండీ వాచకాలు సిద్ధమైనవి. లావణీ ఖాస్ నిబంధనల క్రింద వేలాది ఆదివాసీ కుటుంబాలకు భూమి పట్టాలు లభించినవి. హైమన్‌డార్ఫ్ గిరిజన వ్యవహారాలలో ప్రభుత్వ సలహాదారుగాను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగాను పనిచేసి, తరువాత లండనులో ఆచార్య పదవి నలంకరించారు.

ఇక్కడికి కథ ముగిసి ఉంటే ఆయన ఒక విజయవంతుడైన పరిశోధకుడు మాత్రమే. కాని 1970వ దశకంలో ఆయన మరల ఆదిలాబాదు వచ్చారు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పరం కారాదని 1959లో చట్టం వచ్చింది, 1970లో మరింత కట్టుదిట్టమైంది. అయినను భూములు చేతులు మారుతూనే ఉన్నవి. రోడ్లు పడినకొద్దీ వలస వచ్చినవారు పెరిగారు. తాను పాటుపడి ఇప్పించిన పొలాలలో పరుల నాగళ్ళు చూడవలసి వచ్చింది. డెబ్బది ఏళ్ళ వయసున్న ఆ పండితుడు, తన కృషి ఎక్కడెక్కడ విఫలమైనదో దాచక, 1982లో వెలువడిన గ్రంథంలో వివరించారు. మొదటి నివేదికకన్న ఇది వ్రాయుటకు కష్టమైన పనియని నా అభిప్రాయం.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించగా మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండనులో కన్నుమూశారు. 2012లో ఆయన చితాభస్మం మార్లవాయి చేరి, భార్య సమాధి ప్రక్కనే నిక్షిప్తమైంది. జనవరి 11న గోండులు అక్కడ చేరి ఆ దంపతుల వర్ధంతి జరుపుతారు.