యంత్రమే గురువు : జి.డి. నాయుడు

టెక్కలి నుంచి పలాస మీదుగా ఇచ్ఛాపురం వైపు సాగే జాతీయ రహదారి పక్కన, ముఖ్యంగా కాశీబుగ్గ పరిసరాల్లో, రేకుల కప్పు కింద నడిచే మెకానిక్ షెడ్లు కనిపిస్తాయి. జీడిపిక్కల బస్తాలను, కొబ్బరి గెలలను మోసి అలసిన మోటారు సైకిళ్ళు వాటి ముందు వరుసగా నిలిచి ఉంటాయి. ఉద్దానం తోటల్లోని ఇసుక బాటలు, సముద్రం మీదుగా వీచే ఉప్పుగాలి ఆ వాహనాలకు మిత్రులు కావు. చైను తుప్పు పడుతుంది, చక్రాల ఊచలు వదులవుతాయి, ఇసుక రేణువులు బ్రేకుల్లో చేరి లైనర్లను అరగదీస్తాయి. పానా చేతబట్టి వీటిని మళ్ళీ నడిచేలా చేసే యువకుల్లో చదువు మధ్యలో మానినవారు ఎందరో ఉంటారు. వారికి తెలిసినదాన్ని మనం పని అంటాం గాని విద్య అనడానికి వెనకాడుతాం. ఈ సంకోచాన్ని జీవితాంతం ఎదిరించిన తెలుగు కుటుంబీకుడు ఒకరు తమిళనాట ఉన్నారు. ఒక పాత మోటారు సైకిలును విప్పి చూడటంతో ఆయన యంత్రవిద్య మొదలయింది.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. లోకం ఆయనను జి.డి. నాయుడు అనే పేరుతో ఎరుగును. విజయనగర రాజుల కాలం నుంచి తమిళ దేశానికి తరలివెళ్ళి, నల్లరేగడి నేలల్లో పత్తి పండిస్తూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో అనేకం. బయట తమిళం, ఇంట్లో తెలుగు వారి వాడుక. నాయుడుగారిది అటువంటి వ్యవసాయ కుటుంబమే. బడి ఆయనకు రుచించలేదు. చెప్పినదాన్ని చెప్పినట్లు అప్పగించే పద్ధతి ఆ బాలుని మనసుకు ఎక్కలేదు. అందువల్ల చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. చదువు మానిన పిల్లవాడు పొలం పనిలో కుదురుకోవడమే నాటి పల్లెల్లో ఆనవాయితీ. ఆయన కూడా అదే బాటలో ఉండవలసినవారే.

ఆ బాటను మళ్ళించింది ఒక మోటారు సైకిలు. ఆంగ్లేయ ప్రభుత్వ రెవిన్యూ అధికారి ఒకరు 1912 నాటి రడ్జ్ బండిపై తిరుగుతుండేవారు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా, తనంతట తాను కదిలే వాహనాన్ని చూసిన యువకునికి దానిని సొంతం చేసుకోవాలనే పట్టుదల కలిగింది. అయితే దానిని కొనడానికి చేతిలో పైకం లేదు. ఆయన కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరారు. వచ్చిన జీతంలో కూడబెట్టి, చివరకు 300 రూపాయలకు ఆ బండిని కొన్నారు. ఆ రోజుల్లో ఆ మొత్తం సామాన్య రైతు కుటుంబానికి ఎంతటి భారమో వేరుగా చెప్పనక్కరలేదు. ఇన్ని అగచాట్లు పడి సంపాదించిన వాహనంపై ఎక్కి ఊరంతా ఊరేగాలనుకోవడం ఎవరికైనా సహజం. ఆయన మాత్రం దానిని భాగాలు భాగాలుగా విప్పి చూశారు.

ఆ విప్పడంలోని సాహసం మనకు బోధపడాలంటే ఆనాటి యంత్రం ఎలాంటిదో కొంత తెలియాలి. రడ్జ్ విట్‌వర్త్ సంస్థ ఇంగ్లండులోని కోవెంట్రీ నగరానికి చెందినది. మొదట సైకిళ్ళు చేసి, 1911లో మోటారు సైకిళ్ళను విపణిలోకి తెచ్చింది. దాని ఇంజనులో ఉన్నది ఒకే సిలిండరు. దాని పరిమాణం దాదాపు 500 ఘన సెంటీమీటర్లు. ఇంజను నుంచి వెనుక చక్రానికి శక్తిని చేరవేసేది నేటి చైను కాదు, ఒక పట్టీ. ఇంజనుకు నూనె కూడా దానంతట అది అందేది కాదు. నడిపేవాడే దారిలో చేతిపంపు నొక్కి అందించవలసి వచ్చేది. తక్కువ నొక్కితే పిస్టన్ సిలిండరుకు పట్టేస్తుంది, ఎక్కువ నొక్కితే పొగ కమ్మి ప్లగ్గు మసిబారుతుంది. కనుక ఆ బండిని నడిపేవాడు సగం మెకానిక్ కాక తప్పదు. ఇదే సంస్థ బండి 1914లో మాన్ దీవిలో జరిగిన ప్రసిద్ధమైన సీనియర్ టీటీ పందెంలో ప్రథమ స్థానం పొందింది. ఆంగ్లేయ అధికారి నడిపిన బండి ఆ పందెపు వంశానికి చెందినదే.

యంత్రాన్ని విప్పడం కష్టం కాదు. సుత్తి, పానా ఉంటే ఎవరైనా విప్పగలరు. తిరిగి కూర్చడమే కష్టం. ఏ మర ఎక్కడిది, ఏ వాల్వు ఏ క్షణంలో తెరుచుకోవాలి, మాగ్నెటో నిప్పురవ్వను పిస్టన్ ఏ స్థానంలో ఉండగా ఇవ్వాలి అన్నవి తెలియకపోతే కుప్పగా మిగిలిన ఇనుము మళ్ళీ ప్రాణం పోసుకోదు. పద్యాన్ని పదవిభాగం చేసి, ప్రతిపదార్థం చెప్పి, అన్వయక్రమంలో కూర్చి, తాత్పర్యం రాబట్టడం తెలుగు తరగతిలో మీకు నిత్యమూ ఎదురయ్యే పనే. అన్వయం తప్పితే పదాలన్నీ ఉన్నా అర్థం పుట్టదు. ఇంజను కూడా అంతే. నాయుడుగారు ఆ రడ్జ్ బండిని ఇలాగే చదివారు. ఆయనకు అది తొలి వాచకం. ఆ పరిశీలనే ఆయనను మెకానిక్‌గా నిలబెట్టింది.

1920లో ఆయన ఒక మోటారు బస్సును కొని, పొళ్ళాచ్చి - పళని మధ్య స్వయంగా నడిపారు. నడిపేవాడూ, బాగుచేసేవాడూ ఒకరే. నాటి దారులు ఎటువంటివో, విడిభాగాలు ఓడలో రావడానికి ఎన్ని మాసాలు పట్టేవో ఊహించుకుంటే, రోజూ వేళకు బస్సు బయలుదేరడం చిన్న విషయం కాదని తెలుస్తుంది. బస్సు వ్యాపారంలో ఆదాయం టిక్కెట్లలో వస్తుంది గాని, అది నిలిచేది షెడ్డులోనే. ఒక వాహనం దారిలో ఆగిపోయిందంటే ఆనాటి రాబడి పోవడమే గాక, మరునాటి ప్రయాణికులు కూడా పోతారు. చెడిన తర్వాత బాగుచేయడం వేరు, చెడకముందే కనిపెట్టడం వేరు. యంత్రం లోపలి సంగతి ఎరిగిన యజమానికి ఈ రెండో విద్య అబ్బుతుంది. కొన్నేళ్ళలోనే యు.ఎం.ఎస్. అనే పేరుగల ఆయన సంస్థ పెద్ద సంఖ్యలో బస్సులతో దేశంలోనే సమర్థమైన రవాణా సంస్థగా పేరు గడించింది.

బస్సుల తర్వాత ఆయన దృష్టి పరిశ్రమల వైపు మళ్ళింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరు పీళమేడులో విద్యుత్ మోటారును తయారుచేశారు. ఈ దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దానికి ఖ్యాతి ఉంది. తర్వాతి కాలంలో కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు, మిల్లు యంత్రాలకు పుట్టినిల్లు కావడం వెనుక ఆ మోటారు పాత్ర గణనీయమైనది. డ్రై సెల్స్‌తో నడిచే రాసంట్ క్షుర యంత్రం, పలుచని క్షురపత్రాలు, పండ్లరసం తీసే పరికరం, కిరోసినుతో నడిచే పంకా, మోసానికి తావివ్వని ఓటింగు యంత్రం మొదలైనవెన్నో ఆయన ఖాతాలో ఉన్నాయి. ఈ జాబితాను చూసి ఆయనను భారతదేశపు ఎడిసన్ అని పిలవడం పరిపాటి అయింది. ఈ బిరుదు ఆయనకు పూర్తిగా అతకదని నా అభిప్రాయం. ఎడిసన్ లేనిదాన్ని కల్పించడంలో మేటి. నాయుడుగారి ప్రతిభ ఉన్నదాన్ని విప్పి, అందులో అనవసరమైన ఖర్చు ఎక్కడుందో పసిగట్టి, పేదవాని చేతికి అందేలా మళ్ళీ కూర్చడంలో ఉంది. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని ఆయన ప్రకటించడం ఈ ధోరణికి తార్కాణం.

ఈ ధోరణికే పెద్ద అడ్డు కూడా తగిలింది. 1952లో ఆయన ఇద్దరు కూర్చుండే పెట్రోలు కారును 2000 రూపాయల ధరలో రూపొందించారు. అప్పట్లో కార్లను పెద్దఎత్తున ఉత్పత్తి చేయాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి రాలేదు. కారు ఆగిపోయింది. పరిమితమైన విదేశ మారకాన్ని, ఉక్కును దేశావసరాలకు పంచవలసిన బాధ్యత అప్పటి పాలకులపై ఉన్నదనడం నిజమే. ఏమైనా 300 రూపాయల కోసం హోటలులో వడ్డించిన వ్యక్తి, సామాన్యునికి అందే కారును తయారుచేసి కూడా వీధిలోకి పంపలేకపోవడం ఆయన జీవితంలోని విషాదం.

విద్యారంగంలో ఆయన చేసిన కృషి మరింత చర్చకు తావిచ్చేది. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడటానికి ప్రధాన కారకులు ఆయనే. నాటి మద్రాసు గవర్నరు పేరే వాటికి పెట్టారు. ప్రాథమిక స్థాయి దాటని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలుగా కూర్చున్న అరుదైన సన్నివేశం అది. నాలుగేళ్ళ చదువు కాలహరణమనీ, పనిముట్లతో నేర్పితే రెండేళ్ళు చాలుననీ ఆయన వాదించారు. ప్రభుత్వం సమ్మతించలేదు. ఆయన పదవిని వదులుకున్నారు. ఆ కళాశాల తర్వాతి కాలంలో వేరొక చోటికి మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ఎదిగింది. అది మొదట ఉన్న ప్రాంతాన్ని కోయంబత్తూరువారు ఇప్పటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తారు.

ఈ వివాదంలో ఎవరి పక్షం వహించాలి? గణితం, భౌతికశాస్త్రం లోతుగా తెలియనిదే వంతెననో విద్యుత్కేంద్రాన్నో నిర్మించలేం. ఆ లోతు రెండేళ్ళలో అందదు. ఈ విషయంలో ఆయన తొందరపడ్డారనిపిస్తుంది. అయితే నాలుగేళ్ళు చదివి పట్టా పుచ్చుకొని, కార్బొరేటరు విప్పమంటే చేతులు మడుచుకునే పట్టభద్రుణ్ణి చూసినప్పుడు, ఆయన కోపం అకారణం కాదని ఒప్పుకోక తప్పదు. టెక్కలి పరిసరాల్లో ఇంజనీరింగు కళాశాల ఉంది, మెకానిక్ షెడ్లూ ఉన్నాయి. ఈ రెండింటి నడుమ రాకపోకలు ఉండాలన్నదే ఆయన వాదంలోని సారం.

వ్యవసాయంలోనూ ఆయన ప్రయోగాలు చేశారు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ఆయన సాగించిన పరిశోధనలను చూడటానికి సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు ఆయన తోటకు వచ్చారు. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. ఆయన పేరిట ఏర్పడిన ధర్మసంస్థ కోయంబత్తూరు అవినాశి రోడ్డులో యంత్రాల ప్రదర్శనశాలను నడుపుతోంది. 2015లో పాత కార్ల మ్యూజియం కూడా అక్కడ ప్రారంభమైంది.

ఆయన నాటిన యంత్రాభిరుచి ఆ నగరాన్ని విడిచిపోలేదు. తర్వాతి తరంలో, లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజనును అమర్చి తక్కువ ఖర్చులో పందెపు కార్లను రూపొందించారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన అకాల మరణం పొందారు. ఆయన పేరుమీద 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. పందెపు రోజుల్లోనే కాక, ట్రాక్ డేలలో సామాన్యులు సైతం రుసుము చెల్లించి తమ సొంత బండ్లను అక్కడ నడుపుకోవచ్చు. బహిరంగ రహదారిపై వేగం ప్రాణాంతకం. పలాస దగ్గరి జాతీయ రహదారైనా, వజ్రపుకొత్తూరు తీరపు బాటైనా అందుకు తగినవి కావు. ఎదురుగా మరో వాహనం రాని, వైద్య సహాయం సిద్ధంగా ఉండే బాట మీదే ఆ ముచ్చట తీర్చుకోవాలి.

అటువంటి బాటకు పాత బండిని తీసుకుపోవడమంటే దాన్ని మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చదవడమే. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 వంటి బండిని ఉదాహరణగా తీసుకుందాం. అది రెండు స్ట్రోకుల ఇంజను. సిలిండరు హెడ్డు విప్పి పేరుకున్న మసిని గీకివేయాలి. పిస్టన్ రింగులు అరిగితే మార్చాలి. సిలిండరే అరిగితే బోరింగు చేయించి పెద్ద పిస్టన్ వేయాలి. ముందు ఫోర్కుల్లో నూనె మార్చాలి. బ్రేకు లైనర్లను కొలిచి చూడాలి. ఊచలను ఒక్కొక్కటిగా తట్టి, మోగే ధ్వనిని బట్టి వదులైనదాన్ని గుర్తించి బిగించాలి. ఏళ్ళు గడిచిన టైరులో గాళ్ళు మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడితే పట్టు ఉండదు కనుక దానిని పారవేయక తప్పదు. గేరుబాక్సు నుంచి ఒక్క నూనె చుక్క బాట మీద పడినా వెనుక వచ్చేవాడు జారిపడతాడు. అందుకే నూనె వదిలే బోల్టును సన్నని తీగతో కట్టి ఊడకుండా చేస్తారు. పడినప్పుడు గాజు ముక్కలు చెల్లాచెదురు కాకుండా దీపాల అద్దాలపై అంటుపట్టీలు వేసి, పక్క అద్దాలను తీసివేస్తారు. ఇంత పని ముగించి, పరిశీలకుడు చైను బిగువునూ బ్రేకు లివరునూ చేత్తో పట్టి చూసిన తర్వాతనే ఆ బండికి లోపలికి అనుమతి దొరుకుతుంది.