పూసలు లెక్కపెట్టిన ఇల్లాలు

పిల్లల కోసం ఉద్యోగం మానేస్తే ఇక చదువంతా అటకెక్కినట్టేనా? ఎవరైనా ఇలా దిగులుపడితే నేను మార్గరెట్ డేహాఫ్ కథ చెబుతుంటాను.

1925లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టిన ఈవిడ లెక్కల్లో దిట్ట. కొలంబియా యూనివర్సిటీలో రసాయనశాస్త్ర పరిశోధన చేస్తూ, ఆఫీసుల్లో జమాఖర్చులకు వాడే చిల్లుల కార్డుల యంత్రాలతో అణువుల లెక్కలు చేయించారు. 1948లో డాక్టరేట్, ఆ ఏడే పెళ్ళి. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక, మధ్యలో రెండేళ్ళ ఫెలోషిప్ తప్పిస్తే, దాదాపు ఎనిమిదేళ్ళు ఇంటిపట్టునే ఉన్నారు.

1960లో నేషనల్ బయోమెడికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో చేరారు. పరిశోధనకి డబ్బు కావాలని దరఖాస్తు పెడితే, ఈవిడకి కొత్త సంగతులు తెలుసా అని అనుమానపడ్డవాళ్ళూ ఉన్నారు. ఆవిడ మాత్రం పని ఆపలేదు.

ఇంతకీ ఏమిటా పని? ప్రొటీన్ అంటే ఇరవై రకాల పూసలు గుచ్చిన దండ అనుకోండి. ఆ పూసలే అమైనో ఆమ్లాలు. ఏ పూస పక్కన ఏది ఉందో ఆ రోజుల్లో ముక్కలు ముక్కలుగానే తెలిసేది. ఆ ముక్కల్ని వరసలో పేర్చే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని రాబర్ట్ లెడ్లీతో కలిసి 1962లో తయారుచేశారు. 1965లో 65 ప్రొటీన్ల వరసల్ని అట్లాసుగా అచ్చువేశారు. ఒక్కో పూసకీ ఒక్కో అక్షరాన్ని గుర్తుగా పెట్టిందీ ఆవిడే. జీవపరిణామంలో ఏ పూస స్థానంలోకి ఏది తేలిగ్గా వస్తుందో, 1572 మార్పులు లెక్కగట్టి 1978లో పట్టిక వేశారు.

ఈ దండ ఊరికే పడి ఉండదండీ. మడతలు పడి, తలుపులా తెరుచుకుంటూ మూసుకుంటూ పనిచేస్తుంది. 2014లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రకటించిన ఎవోల్ అనే సాఫ్ట్‌వేర్, యుగాలుగా ఏ పూసలు మారాయో, ఏ చోటు ఎంత కదులుతుందో పక్కపక్కన పెట్టి చూస్తుంది. కదలిక తక్కువున్న చోట పూసలు అంతగా మారవట. తలుపు ఎంత ఊగినా బందు కదలకూడదు కదా! ఇలాంటి చోట్లు తెలిస్తే మందులు తయారుచేసేవాళ్ళకి దారి దొరుకుతుంది. వరసల్ని పోగుచేసి, పోల్చి చూసే ఈ విద్యకి పునాది వేసినవాళ్ళలో డేహాఫ్ ముందుంటారు.

బయోఫిజికల్ సొసైటీలో పదవి చేపట్టిన తొలి మహిళ ఆవిడే. ముందు కార్యదర్శి, తర్వాత అధ్యక్షురాలు. 1983లో గుండెపోటుతో పోయేనాటికి 57 ఏళ్ళే. పరిశోధనలో తొలి అడుగులు వేస్తున్న మహిళలకి ఆ సొసైటీ ఆవిడ పేరిట అవార్డు ఇస్తోంది.

బయోడేటాలో ఖాళీగా కనిపించే ఏళ్ళని చూసి ఎవరైనా పెదవి విరిస్తే, ఈ ఇల్లాలి సంగతి వాళ్ళకీ చెప్పండి.