ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి (మరణం: 1847 ఫిబ్రవరి 22) రాయలసీమలోని రేనాటి ప్రాంతానికి చెందిన పాళెగాండ్ర వంశీకుడు. ఈస్టిండియా కంపెనీ పాలనపై 1846లో సాయుధ తిరుగుబాటు నడిపి, కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరితీయబడ్డాడు. ఉరితీసిన తరువాత అతని తలను కోయిలకుంట్ల కోటపై వేలాడదీసి, 1877 వరకు, అనగా ముప్పై సంవత్సరాల పాటు, అలాగే ఉంచారు. 1857 నాటి సిపాయిల తిరుగుబాటుకు పది సంవత్సరాలకు పూర్వమే జరిగిన ఈ పోరాటాన్ని తెలుగునాట కంపెనీ పాలనపై సాగిన ముఖ్యమైన తిరుగుబాట్లలో ఒకటిగా పరిగణిస్తారు.

నేపథ్యం

1800లో నిజాము ప్రభువు తన సైనిక ఒప్పందాల ఖర్చుకు బదులుగా కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. వీటినే దత్తమండలాలు అంటారు. విజయనగర కాలం నుండి ఈ సీమలో పాళెగాండ్రు తమ పాళెములలో పన్నులు వసూలు చేస్తూ, సొంత బంట్లను పోషిస్తూ, చిన్న రాజులవలె వ్యవహరించేవారు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో వారి కోటలను, సైన్యాలను, వసూలు హక్కులను తొలగించి, రైతుల నుండి నేరుగా పన్ను తీసుకొనే రైతువారీ పద్ధతిని ప్రవేశపెట్టాడు. లొంగిపోయిన పాళెగాండ్రకు నెలసరి భరణం ఏర్పాటయింది. దీనిని తవర్జీ అనేవారు.

బాల్యము, కుటుంబము

నరసింహారెడ్డి నేటి నంద్యాల జిల్లా ఉయ్యాలవాడ మండలంలోని రూపనగుడి గ్రామంలో జన్మించాడు. తండ్రి పెదమల్లారెడ్డి, తాత జయరామిరెడ్డి. నొస్సం పాళెమును కంపెనీ స్వాధీనం చేసుకొన్నందున ఆ వంశానికి భరణం లభించేది. ఆ భరణంలో నరసింహారెడ్డి వంతుకు వచ్చినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు మాత్రమే. జయరామిరెడ్డి మరణానంతరం ఆగిపోయిన భరణంలో తనకు భాగం ఇవ్వవలసినదిగా అతను కోరగా ప్రభుత్వం నిరాకరించింది. రావలసిన భరణం కొరకు కోయిలకుంట్ల తాసీల్దారు వద్దకు మనిషిని పంపగా, ఆ అధికారి అవమానించి తిప్పి పంపాడని జానపదుల కథనం.

తిరుగుబాటుకు కారణాలు

భరణం తగాదా ఒక్కటే అయితే అది ఒక కుటుంబపు వ్యవహారంగానే ముగిసిపోయేది. అయితే అదే సమయంలో ప్రభుత్వం కట్టుబడి ఇనాములను రద్దు చేయాలని ఆలోచించింది. గ్రామాలలో కాపలా, బంటు పనులు చేసినందుకు ప్రతిఫలంగా తరతరాలుగా భూమిని అనుభవిస్తున్నవారే కట్టుబడులు. ఆ భూమి పోతే వారికి వేరే జీవనాధారం లేదు. దిగులుతో ఉన్న ఈ కట్టుబడులు పాత పాళెగాని వంశీకుడైన నరసింహారెడ్డిని ఆశ్రయించారు. ఒకరి గౌరవ సమస్య, మరికొందరి అన్నం సమస్య ఈ విధంగా ఒకటైనాయి. అతని అనుచరులలో గోసాయి వెంకన్న, వడ్డె ఓబన్న పేర్లు ప్రసిద్ధములు.

తిరుగుబాటు

1846 జూలై 10న నరసింహారెడ్డి తన బలగంతో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. ఈ దాడిలో సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. దోచుకొన్న సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలు. ప్రొద్దుటూరు వైపున ఉన్న దువ్వూరు ఖజానా కూడా తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. రుద్రవరం వద్ద కంభం తాసీల్దారు హతుడయ్యాడు. నల్లమల అడవులు, ఎర్రమల కొండలు వారికి దాగుకొనే చోట్లయ్యాయి. గిద్దలూరు ప్రాంతంలో వాట్సన్ నాయకత్వంలోని కంపెనీ దళంతో పోరు జరిగింది. కెప్టెన్ నాట్ కూడా బలగాలతో వెంటాడాడు. ప్రభుత్వం నరసింహారెడ్డి తలకు బహుమానం ప్రకటించింది. చివరకు 1846 అక్టోబరు 6న పేరుసోముల సమీపంలోని జగన్నాథ కొండపై అతను పట్టుబడ్డాడు.

విచారణ

ఈ తిరుగుబాటు ఎంత విస్తృతమైనదో నిందితుల సంఖ్యను బట్టి తెలుస్తుంది. మొత్తం 901 మందిపై అభియోగాలు మోపారు. వారిలో 412 మంది నేరం రుజువు కాక విడుదలయ్యారు. 273 మందిని పూచీకత్తుపై వదిలిపెట్టారు. 112 మందికి 5 నుండి 14 సంవత్సరాల వరకు శిక్షలు పడ్డాయి. కొందరికి ద్వీపాంతరవాసం విధించారు. రాజద్రోహం, హత్య, దోపిడీ నేరాలపై నరసింహారెడ్డికి మరణశిక్ష విధించారు. అప్పటి కడప కలెక్టరు కాక్రేన్ ఈ వ్యవహారంలో ముఖ్యపాత్ర వహించాడు. ప్రభుత్వ పత్రాలలో నరసింహారెడ్డి ఒక దోపిడీదారుగానే కనిపిస్తాడు.

ఉరి

1847 ఫిబ్రవరి 22 ఉదయం ఏడు గంటలకు, కోయిలకుంట్ల వద్ద జుర్రేరు ఒడ్డున, రెండు వేల మందికి పైగా ప్రజలు చూస్తుండగా శిక్షను అమలు చేశారు. తరువాత తలను కోట బురుజుపై ఉరికంబానికి వేలాడదీశారు. ఆ ఉదయం పది సంవత్సరాల వయసులో ఉన్న బాలుడు ఆ తలను కిందికి దించేనాటికి నలభై సంవత్సరాలవాడయ్యాడు. ఒక తరం మొత్తం సంతకు, కచేరీకి, పన్ను చెల్లించడానికి వచ్చిపోతూ దానిని చూసింది. 1858లో కంపెనీ పాలన ముగిసి బ్రిటిష్ రాణి పాలన వచ్చినా ఆ తల అక్కడే ఉంది. దానిని తొలగించిన 1877 దక్షిణ భారతాన్ని కుదిపివేసిన మహాక్షామపు కాలం.

శిక్ష స్వభావం

ఉరితీసినవారి శవాలను గొలుసులతో బహిరంగంగా వేలాడదీసే ఆచారం ఇంగ్లండులో చాలాకాలం ఉండేది. 1834లో అక్కడి పార్లమెంటు దానిని చట్టం ద్వారా రద్దు చేసింది. అనగా స్వదేశంలో నిషేధించిన పదమూడు సంవత్సరాలకు అదే రకమైన ప్రదర్శన కోయిలకుంట్లలో జరిగింది. బ్రిటనులో బహిరంగ ఉరి కూడా 1868లో ఆగిపోయింది. ఆ తరువాత మరి తొమ్మిది సంవత్సరాలు నరసింహారెడ్డి తల కోటపైనే ఉన్నది.

ఇటువంటి బహిరంగ శిక్షలు మరికొన్ని ఉన్నాయి. తమిళదేశంలో తెలుగు మూలాలు గల పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను 1799లో కయత్తారు వద్ద ఉరితీశారు. గోదావరికి ఉత్తరాన నిర్మలలో రాంజీ గోండును 1860లో ఉరితీశారు. అతనితోపాటు వేయి మందిని ఒకే మర్రిచెట్టుకు ఉరితీశారని ప్రజలు చెప్పుకొంటారు. ఆ చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అనే పేరు స్థిరపడింది. చూసినవారు భయపడాలన్నది ఈ శిక్షల ఉద్దేశం. కాని ఈ మూడు చోట్లా ఉరితీసిన స్థలమే ప్రజలకు జ్ఞాపక చిహ్నమైంది.

జానపద సాహిత్యంలో

నరసింహారెడ్డి కథను రేనాటి గ్రామాలలో యాచక గాయకులు పాటలుగా పాడుతూ వచ్చారు. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ గేయగాథలపై పరిశోధన చేశాడు. అతని రేనాటి సూర్యచంద్రులు అనే గ్రంథంలో నరసింహారెడ్డితోపాటు, అదే ఉయ్యాలవాడకు చెంది, క్షామకాలంలో అన్నదానానికి పేరుపొందిన బుడ్డా వెంగళరెడ్డి చరిత్ర కూడా ఉంది. ప్రభుత్వ పత్రాలు తేదీలను, సొమ్ము లెక్కలను, నిందితుల సంఖ్యను భద్రపరచగా, అతనిని జనం ఎలా చూశారన్నది పాటలే నిలిపాయి. చరిత్ర విద్యార్థికి రెండూ అవసరమే. పత్రాలను మాత్రమే చదివినవారికి అతను దొంగగా, పాటలను మాత్రమే విన్నవారికి లోపం లేని వీరుడిగా కనిపిస్తాడు. సొంత భరణం కోసం మొదలైన తగాదా వందలాది కట్టుబడుల పోరాటంగా మారిన తీరును గమనిస్తేనే అతని జీవితం సరిగా అర్థమవుతుంది.

స్మృతి

2019లో అతని జీవితం ఆధారంగా చిరంజీవి కథానాయకుడిగా సైరా నరసింహారెడ్డి చలనచిత్రం విడుదలైంది. 2021లో ప్రారంభమైన కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయానికి అతని పేరు పెట్టారు. జనం చూసి జంకాలని వేలాడదీసిన తల 1877లో కోట దిగింది. అతని పాట మాత్రం ఆగలేదు.