శ్వాసమును నమ్మిన వైద్యుడు

నేడు బొగ్గుగనులకు పేరువడిన రామగుండము ప్రాంతము నిజాము రాజ్యమున నున్న దినములలో, ఆ రాజధానియగు హైదరాబాదు ఒక మత్తుమందును గూర్చిన వివాదముచే ప్రపంచ వైద్యలోకమునకు పరిచితమయ్యెను. ఆ మందు క్లోరోఫారము. ఆ వివాదమున ముందు నిలిచినవాడు డాక్టరు ఎడ్వర్డ్ లారీ.

1846లో జన్మించిన లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ కడ శస్త్రవైద్యము నభ్యసించెను. ఆ నగరముననే 1847లో సింప్సన్ ప్రసవవేదన నణచుటకు క్లోరోఫారమును వాడి చూపియుండెను. కత్తికోత తెలియని నిద్ర రోగులకు వరమయ్యెను. కాని మరుసటి యేడే, కాలిగోరు తీయించుకొనవచ్చిన హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక ఆ మందు పీల్చి నిమిషములలో మరణించెను. మత్తు కొరకే దానిని పీల్చి వ్యసనమున బడినవారును గలరు. అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ 1848లో ఆ మత్తునకు లోనై మతిచెడి దుర్మరణము పాలయ్యెను.

ఈ మందు ముందుగా గుండెను ఆపునా, ఊపిరిని ఆపునా? లండను వైద్యులు పెక్కురు నాడిని చూడవలెననిరి. సైమ్ బోధను విశ్వసించిన లారీ శ్వాసమునే చూడవలెననెను. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన అతడు, 1888లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పోషణతో కుక్కలపై పరీక్షలు జరిపించెను. లాన్సెట్ పత్రిక వాని ఫలితములను శంకించెను. అంతట నిజాము వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను 1889లో రప్పించెను. నాలుగువందలకు పైగా మూగజీవులపై పరీక్షలు జరిగెను. బ్రంటన్ తన పూర్వాభిప్రాయమును విడిచి లారీతో ఏకీభవించెను.

విజయము పూర్ణమని లారీ తలంచెను. రోగి ఊపిరిపై చూపు మరల్చరాదన్న అతని నియమము నేటికిని శిరోధార్యమే. కాని గుండెకు భయము లేదన్న నిర్ణయము నిలువలేదు. 1911లో గుడ్మన్ లెవీ పిల్లులపై పరీక్షించి, కొద్దిపాటి మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని నిరూపించెను. ఈ మందు కాలేయమునకును హానికరమని తేలెను. క్రమముగా శస్త్రశాలలనుండి క్లోరోఫారము తొలగిపోయెను.

లారీ 1915లో మరణించెను. అతడు నడపిన వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తువైద్యమున తొలి మహిళలలో నొకతెగా పేరుగాంచెను. నేటి మత్తువైద్యుడు శ్వాసమును, నాడిని రెంటిని కాచియుండును. లారీ చెప్పినది అందు సగము.