మెరుపు ఎముకల డాక్టరు

మా పెనుబల్లి వైపు కాలు బెణికిందంటే పెద్దవాళ్ళ నోట ముందు వచ్చే మాట పుత్తూరు కట్టు. ఎక్స్‌రే సంగతి తర్వాత. పోయిన సెమిస్టర్‌లో కబడ్డీ ఆడుతుంటే నా చీలమండ మెలిపడింది. ఫ్రాక్చర్ లేదని తేలాక, హైదరాబాద్‌లో ఒక ఆస్టియోపతి థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నానంటే అమ్మమ్మకి అదేం వైద్యమో అర్థం కాలేదు. నాకు మాత్రం ఏం తెలుసు! ఆ పేరు ఎక్కడిదా అని వెతికితే దొరికిన మనిషి ఆండ్రూ టేలర్ స్టిల్.

ఆయన 1828లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. తండ్రి చర్చిలో బోధకుడు, వైద్యుడు కూడా. స్టిల్ చిన్నప్పుడు తలనొప్పి వస్తే రెండు చెట్ల మధ్య తాడు కట్టి, నేలకి జానెడు ఎత్తులో ఉంచి, దాని మీద దుప్పటి వేసి మెడ ఆనించి పడుకున్నాడట. కాసేపటికి నిద్రపట్టింది, లేచేసరికి నొప్పి లేదు. తన వైద్యానికి మొదటి పాఠం అదేనని పెద్దయ్యాక రాసుకున్నాడు.

తండ్రి దగ్గరే వైద్యం నేర్చుకున్నాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పనిచేశాడు. 1864లో మెదడు పొరల వాపు జబ్బు ఇంట్లోకి వచ్చింది. కన్నపిల్లలు ఇద్దరు, పెంచుకున్న బిడ్డ ఒకరు, ముగ్గురూ పోయారు. డాక్టర్లు వచ్చారు, మందులిచ్చారు, ఏదీ ఆగలేదు. తనూ డాక్టరే, ఇంట్లోనే ఉన్నాడు. ఇది చదివాక నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను. అప్పటి మందులంటే పాదరసం కలిసిన కాలొమెల్, నల్లమందు, విస్కీ. వాటి మీద ఆయన నమ్మకం పూర్తిగా పోయింది.

మరి మందులు కాకపోతే ఏంటి? ఎముకలు పట్టుకున్నాడు. ఆదివాసుల సమాధులు తవ్వి మరీ అస్థిపంజరాలు తెచ్చి చదివాడు. దీన్ని గొప్పగా చెప్పడానికి నాకు మనసొప్పట్లేదు, ఆ తవ్విన సమాధులు కూడా ఎవరో కన్నవాళ్ళవే. ఎముకలు, కండరాలు సరిగ్గా కదిలితే రక్తం బాగా పారుతుంది, అప్పుడు ఒళ్ళు తనను తానే బాగుచేసుకుంటుందని తేల్చుకున్నాడు. 1874 జూన్ 22న దీన్ని బయటపెట్టాడు. తనవాళ్ళే కట్టడానికి సాయం చేసిన యూనివర్సిటీ ఆయన్ని అక్కడ మాట్లాడనివ్వలేదు. చర్చి వాళ్ళూ దూరం పెట్టారు. ఊరూరా తిరుగుతూ మెరుపు ఎముకల డాక్టరు అని పేరేసుకుని వైద్యం చేశాడు. మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో నిలదొక్కుకున్నాక పేషెంట్లు రైళ్ళెక్కి రావడం మొదలైంది.

1892లో అక్కడే కాలేజీ పెట్టాడు. మొదటి బ్యాచ్‌లోనే అమ్మాయిలున్నారు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. ఎండీ పట్టా ఇచ్చే వీలున్నా వద్దని, డీఓ అని కొత్త పట్టా పెట్టాడు.

ఆయన పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. నేను చీలమండ చూపిస్తే థెరపిస్ట్ ముందు నన్ను నడవమన్నాడు, వంగమన్నాడు, ఒంటికాలి మీద నిలబెట్టాడు. దెబ్బ ఎలా తగిలిందో, పాత దెబ్బలేమున్నాయో అడిగాడు. తర్వాత చేతులతో పిక్క, మోకాలు, నడుము తడిమి చూశాడు. దెబ్బ ఒకచోట, బిగుసుకున్నది ఇంకోచోట ఉండొచ్చట. కండరాలు మెల్లగా సాగదీశాడు, కీళ్ళు కదిలించాడు. కొందరికి కీలు టక్కుమని శబ్దం చేస్తుంది, అది ఎముక చోటుకి రావడం కాదు, కీలులోని ద్రవంలో ఏర్పడే గాలిబుడగ పని. మర్నాడు కాస్త ఒళ్ళునొప్పులు ఉండటం మామూలే. అసలు పనంతా ఇంట్లో రోజూ చేసే ఎక్సర్‌సైజుల్లో ఉంది. వారాలు పడుతుంది, బోర్ కొడుతుంది. కాలు నేల మీద మోపలేకపోయినా, తిమ్మిరి ఎక్కినా, ఎముక వంకరగా కనిపించినా మాత్రం ముందు ఆర్థోపెడిక్ డాక్టరు, ఎక్స్‌రే. చేతులు ఆ తర్వాత. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఏం చదివారో అడగండి, మొహమాటం వద్దు.

స్టిల్ మాత్రం అలా గీత గీసుకోలేదు. జ్వరాలకీ, విరేచనాలకీ కూడా వెన్నులోనే కారణం వెతికాడు. ఇప్పటి పరిశోధనల్లో నడుమునొప్పి లాంటి వాటికి కొంత మేలు కనబడింది గానీ, అన్ని జబ్బులకీ చేతులే మందు అన్నది నిలబడలేదు. ముగ్గురు పిల్లల్ని మందులు కాపాడలేదన్న కోపం ఆయన్ని చాలా దూరం తీసుకెళ్ళింది, కాస్త ఎక్కువ దూరమే అనిపిస్తుంది నాకు. ఆ జబ్బుకి పనిచేసే యాంటీబయాటిక్స్ రావడానికి అప్పటికి ఇంకా ఏళ్ళు పడతాయి. 1917 డిసెంబరులో, 89 ఏళ్ళ వయసులో, కర్క్స్‌విల్‌లోనే పోయాడు. ఆ కాలేజీ ఇప్పుడు ఆయన పేరుతోనే యూనివర్సిటీ అయింది. అక్కడ డీఓ పట్టా తీసుకున్నవాళ్ళు పూర్తి స్థాయి డాక్టర్లు: సర్జరీలు చేస్తారు, టీకాలు వేస్తారు, మందుల చీటీలూ రాస్తారు.